ఔషధ పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు

విజయవాడ కడ కృష్ణానదికి అడ్డముగా ప్రకాశం బ్యారేజి నిలిచియున్నది. 1957వ సంవత్సరమున అది వాడుకలోనికి వచ్చుటకు పూర్వము అచ్చట 1855లో ముగించిన పాత ఆనకట్ట ఉండెడిది. ఆ ఆనకట్టనుండి బయలువెడలిన కాలువలు నదికి ఇరుప్రక్కల నున్న భూములను తడిపి కృష్ణా డెల్టాను పాడిపంటలకు నెలవుగా చేసినవి. వానిలో ఏలూరు కాలువ ఈశాన్యముగా సాగి గోదావరి కాలువలతో కలియుచున్నది. అందువలన కృష్ణా, గోదావరి డెల్టాలు రెండును నీటిత్రాటితో ముడివేసినట్లు ఒకదానికొకటి చేరువైనవి.

ఈ సీమలో పంటకు కొదువలేదు. కాని ఇచ్చటి ప్రజలను చిరకాలముగా పీడించిన వ్యాధి ఒకటి కలదు. అదియే బోదకాలు. మురుగునీటిలో పెరుగు క్యూలెక్సు దోమలు కుట్టుటవలన దారములవలె సన్నని పురుగులు మనుష్యుల శరీరమున ప్రవేశించును. అవి రసనాళములలో నివాస మేర్పరచుకొనును. వాని పిల్లలు రాత్రివేళ రక్తములోనికి వచ్చి తిరుగును. ఏండ్లు గడచినకొలది జ్వరములు వచ్చి, తుదకు కాలు వాచి ఏనుగుకాలివలె బరువెక్కును. అట్టివాడు నాగలి పట్టలేడు, ఊడ్పుచేలో నిలువలేడు. ప్రాణము పోదు గాని బ్రతుకు కుంటువడును. రక్తములోని ఆ పురుగుపిల్లలను నశింపజేయునట్టిది, సులభముగా నోట మ్రింగదగినది యగు మందు 1947వ సంవత్సరము వరకు లోకమున వెలువడలేదు.

ఆ మందును లోకమునకు అందించిన పరిశోధకబృందమునకు నాయకుడు ఈ డెల్టా బిడ్డయే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. వైద్యశాస్త్రమునకు ఆయన చేసిన సేవ ఆ ఒక్క మందుతో ముగియలేదు. రక్తములోని ద్రవ్యములను కచ్చితముగా కొలుచు పద్ధతి, కండరముల శక్తికి మూలమైన పదార్థములు, రక్తహీనతను మాన్పు విటమిను, పసివారి రక్తపు క్యాన్సరుపై పనిచేసిన తొలి మందు, అనేక వ్యాధులను కుదుర్చు సూక్ష్మజీవినాశకము, ఇవన్నియు ఆయన జీవితముతో పెనవైచుకొనియున్నవి.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. నాడు భీమవరము గోదావరి జిల్లాలో ఉండెను. 1904లో ఆ తాలూకాను కృష్ణా జిల్లాలో చేర్చిరి. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అది అందు చేరెను. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. వారి ఏడుగురు సంతానములో సుబ్బారావు నాలుగవవాడు. అనారోగ్యమువలన తండ్రి ఉద్యోగమును ముందుగానే విడువవలసి వచ్చెను. ఇంటిలో పేదరికము ప్రవేశించెను.

బాల్యమున సుబ్బారావునకు చదువుపై శ్రద్ధ కుదరలేదు. పదమూడేండ్ల వయసున ధనము సంపాదింపవలెనను కోరికతో, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి బ్రతుకవచ్చునని తలంచి ఇల్లు విడిచెను. పెద్దలు వెదకి పట్టుకొని మరల ఇంటికి చేర్చిరి. తల్లి మిక్కిలి పట్టుదల గలది. కుమారుడు చదువుకొననిదే ఆమె ఊరకుండునది కాదు. రాజమహేంద్రవరములో చదివించినను అతడు మెట్రిక్యులేషను పరీక్షలో తప్పిపోయెను. రెండవమారును అట్లే జరిగెను. 1913లో తండ్రి మరణించెను. ఆమె తన నగలను కుదువబెట్టి కుమారుని చెన్నపట్టణమునకు పంపెను. బెజవాడ మీదుగా రైలులో పోయిన ఆ బాలుడు అచ్చట హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ పర్యాయము పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుచుండగా అతని మనస్సు వైరాగ్యమువైపు మరలెను. రామకృష్ణ మఠములో చేరి సన్న్యసింపవలెనని కోరెను. తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనజాలమని మఠమువారు తెలిపిరి. వైద్యవిద్య నేర్చినచో రోగులకు సేవ చేయవచ్చునని బోధించిరి. సుబ్బారావు ఆ మాటను శిరసావహించి మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. 1919లో అనపర్తి వాస్తవ్యులగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో ఆయనకు వివాహము జరిగెను. మామగారు వైద్యవిద్యకు ధనసహాయము చేసిరి.

ఆ కాలముననే కుటుంబముపై పెద్ద దెబ్బ పడెను. సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధికి గురియై పదిదినములైన తిరుగకముందే ఒకరివెంట ఒకరు మరణించిరి. ఈ వ్యాధిలో పేగులు ఆహారసారమును గ్రహింపజాలవు. తిన్నది ఒంటబట్టదు. విరేచనములతోను, రక్తహీనతతోను రోగి నానాటికి క్షీణించును. ఎదుట కంచములో అన్నమున్నను, శరీరము ఆకలితో మాడిపోవును. కొంతకాలమునకు సుబ్బారావునకు సైతము అదే వ్యాధి సోకెను. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన ఆయన బ్రతికి బయటపడెను. తన సోదరులను బలిగొన్న వ్యాధికి మూలమేమి? తనను కాపాడిన మందులో పనిచేసిన ద్రవ్యమేది? ఈ ప్రశ్నలు ఆయనను జీవితాంతము వెంటాడినవి.

అది గాంధీమహాత్ముడు విదేశవస్త్ర బహిష్కారమును బోధించుచున్న కాలము. సుబ్బారావు వైద్యకళాశాలలో శస్త్రచికిత్స నేర్చుకొనునప్పుడు ఖద్దరు అంగీ ధరించి వచ్చెడివాడు. ఇది ఆంగ్లేయుడగు ఆచార్యునకు నచ్చలేదు. పరీక్షలలో చక్కగా వ్రాసినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు. దానికన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఆ చిన్న పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. ఆయన లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించుచు, మన దేశపు ఓషధులలో గుణమిచ్చు అంశమును రసాయనశాస్త్రరీతిని తెలిసికొనవలెనని ఆరాటపడెను. అందుకు తగిన పరికరములు ఇచ్చట లేవు. అమెరికాకు పోయి నేర్చుకొనుమని, చెన్నపట్టణమునకు వచ్చిన యొక అమెరికా వైద్యుడు సలహా యిచ్చెను. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారును ప్రయాణమునకు సాయపడిరి.

1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన సుబ్బారావు బోస్టన్ నగరమున కాలు మోపెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరెను. కాని విద్యార్థివేతనము లభింపలేదు. ఆయన పట్టమును చూచి వైద్యునిగా పని ఇచ్చువారును లేరు. అందుచేత ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలను కడిగి శుభ్రపరచి, ఆ కూలితో చదువు సాగించెను. వైద్యుడై యుండియు ఆ పని చేయుటకు ఆయన సిగ్గుపడలేదు. స్వదేశమునుండి వచ్చిన వార్త మాత్రము ఆయన గుండెను కలచివేసెను. పుట్టిన కుమారుడు పసితనముననే జబ్బుచేసి మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును ఎన్నడును చూడలేదు.

ఉష్ణమండల వైద్యములో యోగ్యతాపత్రము పొందిన పిదప సుబ్బారావు హార్వర్డులోని జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞునికి సహాయకుడయ్యెను. ఆ శాఖకు ఒట్టో ఫోలిన్ అధిపతి. కొలది చుక్కల రక్తములో ఏ ద్రవ్యమెంత యున్నదో రంగును బట్టి నిర్ణయించు పద్ధతులను పెంపొందించినవారిలో ఫోలిన్ ప్రముఖుడు. శరీరములో భాస్వరము మిక్కిలి ముఖ్యమైనది. ఎముకలయందు, రక్తమునందు, కండరములయందు అది యున్నది. ఏ వ్యాధిలో అది తగ్గునో, దేనిలో పెరుగునో తెలియవలెనన్న దానిని సరిగా కొలువవలెను. అప్పటికున్న పద్ధతులలో రంగు నెమ్మదిగా వచ్చెడిది. ఇతర ద్రవ్యములవలన లెక్క తప్పెడిది.

ఫిస్క్, సుబ్బారావు కలిసి ఈ చిక్కును విప్పిరి. ముందుగా రక్తములోని మాంసకృత్తులను ఒక ఆమ్లముతో విరుగగొట్టి వడకట్టవలెను. ఆ తేటలో ఆమ్లముతో కూడిన మాలిబ్డేటును కలుపవలెను. అది భాస్వరలవణముతో చేరును. పిమ్మట వారు ఎన్నుకొన్న మరియొక రసాయనమును కొలదిగా చేర్చినచో ద్రవము కొలది నిమిషములలో నీలవర్ణమగును. భాస్వరము హెచ్చుగా నున్నచో నీలము చిక్కగాను, తక్కువగా నున్నచో పలుచగాను ఉండును. లెక్క తెలిసిన యొక ద్రావణముతో దానిని వర్ణమాపకములో సరిపోల్చినచో భాస్వరపు పరిమాణము తేలును. ఈ పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి యని పేరొందిన ఆ వ్యాసము శాస్త్రలోకములో మిక్కుటముగా ఉదహరింపబడిన వ్యాసములలో ఒకటి. తరతరముల విద్యార్థులు తమ ప్రయోగశాలలలో ఆ నీలవర్ణమును చూచి భాస్వరమును లెక్కించిరి.

విషపరీక్ష చేయు రసాయనజ్ఞులకు సైతము ఇట్టి కచ్చితత్వమే ప్రాణము. 1836లో ఇంగ్లండు దేశీయుడగు జేమ్స్ మార్ష్ పాషాణమును పట్టి యిచ్చు పరీక్షను ప్రకటించెను. గాజుగొట్టములో ఏర్పడు నల్లని మెరుపును చూపి, ఆహారములోనో శరీరములోనో పాషాణమున్నదని న్యాయస్థానమునకు రుజువు చేయుట అప్పటినుండి సాధ్యమయ్యెను. ఊహవలన ఒకనిని దోషి యనరాదు. ఊహవలననే ఒక మందును మంచిదనియు అనరాదు. పరికరము చూపినదానిని ఉన్నదున్నట్లు చెప్పుటయే పరీక్షకుని ధర్మము. సుబ్బారావు జీవితమంతయు ఈ ధర్మమును పాటించెను.

దాని ఫలితము త్వరలోనే కానవచ్చెను. కండరముల తేటను పరీక్షించునప్పుడు ఒక విచిత్రము జరిగెను. రక్తపు తేటలో నీలవర్ణము వెంటనే స్థిరపడెను. కండరపు తేటలో మాత్రము రంగు ఆలస్యముగా వచ్చి, క్రమక్రమముగా చిక్కనగుచుండెను. మరియొకడైనచో పరీక్షలో ఏదో పొరపాటు జరిగినదని ఆ తేటను పారబోసి యుండును. ఫిస్క్, సుబ్బారావులు అట్లు చేయలేదు. రంగు ఆలస్యమగుటకు కారణ ముండవలెనని తలంచి మరల మరల పరీక్షించిరి. కండరములో భాస్వరము మరియొక పదార్థముతో జతగూడి యున్నదనియు, ఆమ్లము తగిలినప్పుడు ఆ జత మెల్లగా విడిపోవుటవలననే రంగు ఆలస్యమగుచున్నదనియు కనుగొనిరి. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. ఈ సంగతిని 1927లో ప్రకటించిరి. ఆ యేడే ఇంగ్లండులో మరికొందరును దానిని గుర్తించిరి. కండరము పనిచేసినప్పుడు అది తరుగును. విశ్రాంతి పొందినప్పుడు మరల నిండును.

1929లో వారు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును కండరమునుండి వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే యేట దానిని కనుగొనెను. సమస్త జీవులలోను శక్తిని చేతినుండి చేతికి అందించు నాణెమువంటిది ఆ పదార్థము. నేడు ఉన్నతపాఠశాల విద్యార్థులు సైతము దానిని ఏ.టి.పి. యను పేర నేర్చుకొనుచున్నారు. 1930లో సుబ్బారావు హార్వర్డునుండి డాక్టరు పట్టము పొందెను. అయినను అచ్చట ఆయనకు స్థిరమైన పదవి లభింపలేదు. ఇట్టి గొప్ప పరిశోధనలు చేసియు ఆయన చిన్న ఉద్యోగములోనే యుండిపోయెను.

ఆ తరువాతి కాలమున ఆయన దృష్టి కాలేయముపై నిలిచెను. కొన్ని రక్తహీనతలు కాలేయము తినిపించినచో తగ్గుచున్నవని వైద్యులు కనుగొనియుండిరి. బొంబాయిలో గర్భిణీస్త్రీలకు వచ్చు రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు, ఈస్టునుండి చేసిన యొక పదార్థము దానిని మాన్పుచున్నదని 1931లో తెలిపెను. కాలేయములోను, ఈస్టులోను ఉన్న ఆ మహిమగల అంశమేది? దానిని పట్టుకొనుట మిగుల కష్టము. మణుగులకొలది పదార్థమును వడబోసినను చిటికెడు సారము లభించుట దుర్లభము. 1941లో అమెరికాలో మరికొందరు పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూరను వడబోసి దానిని కొంతవరకు శుద్ధిచేసి, ఆకునుండి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరి లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొలదికాలమునకు పరిశోధనశాఖకు అధిపతి యయ్యెను. రసాయనజ్ఞులు, వైద్యులు, జంతుశాస్త్రజ్ఞులు, శిలీంధ్రశాస్త్రజ్ఞులు ఆయన క్రింద పనిచేసిరి. వారందరిని ఒక్క తాటిపై నడిపెను. విజయము లభించినప్పుడు సహచరులను ముందు నిలిపి తాను వెనుకకు తప్పుకొనుట ఆయనకు అలవాటు. అందువలననే ఆయన పేరు చిరకాలము సామాన్యులకు తెలియలేదు.

1945లో ఆ బృందమువారు ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిరి. ఇక టన్నులకొలది పాలకూర అక్కరలేదు. దానిని రోగులకు ఇచ్చి చూచినప్పుడు కొన్ని విధములైన రక్తహీనతలు తగ్గుటయే గాక, స్ప్రూ వ్యాధిగ్రస్తులును కోలుకొనిరి. పాతికేండ్లకు పూర్వము తన సోదరులను పొట్టనబెట్టుకొన్న ఆ గ్రహణికి సుబ్బారావు తన చేతులతో మందు సిద్ధపరచెను. సోదరులు తిరిగి రాలేదు. కాని ఇతరుల సోదరులు బ్రతికిరి. గర్భిణీస్త్రీలకు ఆసుపత్రులలో ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు నేటికిని ఫోలిక్ ఆమ్లము ఉండును.

ఇంతలో మరియొక ప్రశ్న ఎదురయ్యెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరుతో బాధపడు పసివారికి చికిత్స చేయుచుండెను. ఆ వ్యాధి సోకిన పిల్లలు నాడు వారములలోనో, నెలలలోనో మరణించెడివారు. ఫోలిక్ ఆమ్లమునకు సంబంధించిన పదార్థములను ఇచ్చినచో వ్యాధి తగ్గుటకు మారుగా పెరుగుచున్నట్లు ఆయనకు తోచెను. అట్లైనచో ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు పదార్థమును ఇచ్చిన రోగకణములు ఆకలితో మాడి నశింపవచ్చును గదా! సుబ్బారావు బృందము అట్టి పదార్థములను తయారుచేసి పంపెను. వానిలో అమినోప్టెరిన్ అనునది ముఖ్యమైనది. ఫోలిక్ ఆమ్లపు అణువులో స్వల్పమైన మార్పు చేసినంతనే పోషకము శత్రువుగా మారెను. రోగకణము దానిని ఆహారమని భ్రమించి గ్రహించి, పెరుగుట మానును.

అయితే అది మందు మాత్రమే కాదు, విషము కూడ. అది ఆరోగ్యముగా నున్న కణములను సైతము బాధించును. నోరు పుండ్లుపడును; పేగులు చెడును. మోతాదు కొంచెము మించినచో రోగముకన్న ముందే మందు ప్రాణము తీయును. తగ్గినచో రోగము లొంగదు. ఫార్బర్ మిక్కిలి జాగ్రత్తతో పదునారుగురు పిల్లలకు దానిని ఇచ్చెను. వారిలో పదిమందికి వ్యాధి ఉపశమించెను. మంచము పట్టిన పిల్లలు లేచి ఆడుకొనిరి. ఆ ఉపశమనము శాశ్వతము కాలేదు; కొన్ని మాసములలో వ్యాధి మరల తలయెత్తెను. అయినను ఈ వ్యాధిని మందుతో లొంగదీయుట సాధ్యమని 1948 జూన్ మాసమున లోకమునకు మొదటిమారు తెలిసెను.

ఆ కుదురునుండియే మెథోట్రెక్సేటు అను మరియొక మందు పుట్టెను. అది అమినోప్టెరిన్ కన్న తక్కువ హానికరము. 1956లో దానివలన గర్భకోశమున పుట్టు యొక జాతి క్యాన్సరు నయమగుట కనబడెను. నేడు పసివారి ల్యుకేమియాలోను, కీళ్లవాతములోను దానిని వాడుచున్నారు. పెద్ద మోతాదులో ఇచ్చునప్పుడు వైద్యులు రోగి రక్తమును తీసి అందులో మందెంత మిగిలియున్నదో కొలిచి, విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లమును ఇచ్చుదురు. విషమునకును, ఔషధమునకును నడుమ నిలిచియున్న గోడ ఆ కొలతయే. యౌవనమున నీలవర్ణమును చూచి భాస్వరమును కొలిచినప్పుడు సుబ్బారావు నేర్చిన పాఠమునకు ఇది తుది ఫలితమనవచ్చును.

సూక్ష్మజీవుల విషయములోను ఆయన బృందము జయము గాంచెను. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి తీసికొనిన పిదప లెడర్లీలో చేరి, పలుచోట్లనుండి తెప్పించిన మట్టిలోని శిలీంధ్రములవంటి జీవులను పరీక్షించుచుండెను. మిస్సోరీ రాష్ట్రపు పొలములోని మట్టినుండి 1945లో ఆయనకు బంగారువన్నె జీవి యొకటి లభించెను. దానినుండి తీసిన మందే ఆరియోమైసిన్. పెన్సిలిన్‌కు లొంగని అనేక సూక్ష్మజీవులు దానికి లొంగినవి. అది 1948లో వైద్యుల చేతికి వచ్చెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది.

ఇక బోదకాలి మందు కథ. రెండవ ప్రపంచయుద్ధకాలమున పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులలో అనేకులకు ఫైలేరియా పురుగులు సోకెను. దానికి మందు కనుగొనవలసిన అవసరము కలిగెను. చిన్ననాటనే బోదకాళ్లను చూచుచు పెరిగిన డెల్టావాసికి ఆ వ్యాధి క్రొత్తది కాదు. లెడర్లీ పరిశోధకులు అనేక పదార్థములను ఎలుకలపైనను, కుక్కలపైనను పరీక్షించి, తుదకు డైఇథైల్ కార్బమజీన్ అను పదార్థమును ఎన్నుకొనిరి. దానికి హెట్రజాన్ అని పేరుపెట్టిరి. 1947లో ప్యూర్టోరికో దీవిలో రోగులకు దానిని ఇచ్చి చూచిరి. రక్తములో తిరుగు పురుగుపిల్లలు మాయమైనవి. ముదిరి వాచిన కాలును అది మునుపటివలె చేయజాలదు. కాని రక్తములో పురుగుపిల్లలు లేనిచో దోమ వానిని మరియొకరికి చేర్చజాలదు. ఆ విధముగా అది వ్యాధి వ్యాపింపకుండ కాపాడును.

1948 నాటికి సుబ్బారావు కీర్తి శాస్త్రజ్ఞులలో వ్యాపించెను. కాని విశ్రాంతి యెరుగని శ్రమ ఆయన దేహమును లోలోపల తినివేసెను. ఆ యేడు ఆగస్టు 8వ తేదీన ఆయన గుండె ఆగి నిద్రలోనే మరణించెను. అప్పటికి వయస్సు 53 సంవత్సరములు. సముద్రము దాటినది మొదలు ఆయన స్వదేశమునకు తిరిగి రాలేదు. ఎదురుచూచిన భార్య శేషగిరి భర్తను మరల చూడనే లేదు. తల్లి పట్టుదల, భార్య ఓర్పు ఆయన సాధించిన ప్రతి విజయములోను చేరియున్నవి. లోకము అనుభవించుచున్న మేలునకు ఆ కుటుంబము చెల్లించిన మూల్యము చిన్నది కాదు.

మరణానంతరమున ఆయనకు గౌరవములు లభించినవి. ఒక జాతి శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. శతజయంతి సందర్భమున 1995లో భారతప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్లను విడుదల చేసెను. నోబెల్ బహుమానము మాత్రము రాలేదు. దానిని ఆయన కోరినట్లును కనబడదు.

ఆయనకు నిజమైన స్మారకచిహ్నము మరియొకచోట నున్నది. భారతదేశమున 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమయ్యెను. పురుగుపిల్లలు రాత్రివేళనే రక్తములోనికి వచ్చును గనుక ఆరోగ్యశాఖవారు రాత్రులందు ఇంటింటికి వచ్చి, పండుకొన్నవారిని లేపి, వ్రేలినుండి రక్తపుచుక్క తీసి పరీక్షించెడివారు. 2004 నుండి ఈ వ్యాధి యున్న జిల్లాలలో ప్రజలందరికి ఏటేట మాత్రలు మ్రింగించు పెద్ద ప్రయత్నము జరిగెను. కృష్ణా, గోదావరి డెల్టాల పల్లెలలో కార్యకర్తలు వాకిట నిలిచి, వయస్సు నడిగి, దానికి తగినన్ని మాత్రలు లెక్కించి చేతిలో పెట్టి, ఎదుటనే మ్రింగించిరి. ఆ డి.ఇ.సి. మాత్రయే సుబ్బారావు బృందము కనుగొన్న హెట్రజాన్.

రెండుమార్లు పరీక్ష తప్పిన భీమవరపు బాలుడు ఇంతటి పని చేయగలిగినది తెలివితేటలవలన మాత్రమే కాదు. సోదరుల మరణమును తలచి ఆయన విలపించి ఊరకుండలేదు. వ్యాధికి మూలమును వెదకెను. ఆలస్యముగా వచ్చిన రంగును పొరపాటని త్రోసివేయలేదు. దానికి కారణము నడిగెను. విషమని భయపడి ఒక పదార్థమును విడిచిపెట్టలేదు. దానిని కొలిచి మందుగా వాడు వైద్యుల చేతికి అందించెను. ఆనకట్ట నీటిని ఆపి, కొలిచి, కాలువలలోనికి వదలినప్పుడే పొలము పండును. అట్లే దుఃఖమును ఆపి, ఓర్పుతో శ్రమగా మలచినవాడు సుబ్బారావు. ఆ శ్రమఫలము ఆయన పేరైన వినని ఇండ్లకు సైతము చేరినది.